శాలువా చీటీ మీద ఒక ఐరిష్ మాట: దాని పుట్టుక ఎవరికైనా తెలుసా?

సత్యనారాయణపురం టీచరమ్మ:

అందరికీ నమస్కారం. నాది విజయవాడ. ముప్పై మూడేళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నా రాతలో తప్పులుంటే దిద్దండి, ఏమీ అనుకోను. (అనుకుంటాను గానీ పైకి చెప్పను.)

మా అబ్బాయి ఐర్లండ్‌లో గాల్వే అనే ఊళ్లో ఉంటాడు. కోడలు ఆ ఊరి పిల్లే. మొన్న మే నెలలో ఆ అమ్మాయి నాకో ఉన్ని శాలువా పంపింది. మే నెలలో, బెజవాడకి, ఉన్ని శాలువా! మనసు నొప్పించకూడదని ఫ్యాను కింద కూర్చుని కప్పుకుని ఫోటో దిగి పంపాను. నా ముఖాన కారుతున్నవి ఆనందబాష్పాలనుకుందట.

సంగతేమిటంటే, ఆ శాలువాకి చిన్న అట్టముక్క కుట్టి ఉంది. దాని మీద బారెడు మాట. మావాడు చదవబోయి నాలుక మడతపడి వదిలేశాడు. కోడలు వీడియోలో పలికి చూపించింది. నా చెవికి "లావ్‌హ్యార్డీఅఖ్త్" అని వినిపించింది. చేత్తో చేసే కళ, చేతివృత్తుల పనితనం అని అర్థమట. ఆ మాట ఎలా వచ్చిందమ్మా అనడిగితే, "బళ్లో నేర్పారు అత్తయ్యా, ఎలా వచ్చిందో చెప్పలేదు" అంది. బళ్లు అన్ని దేశాల్లోనూ ఒకటే.

నావి రెండు ప్రశ్నలు. ఒకటి, ఈ మాట పుట్టుక ఏమిటి? రెండోది నా స్వార్థం. తిరుగు పార్శిల్లో కొండపల్లి బొమ్మలు పంపుతున్నాను. దశావతారాల పెట్టె ఒకటి, ఏనుగు అంబారీ ఒకటి, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు ఒకటి. వాటితో నేనూ ఒక చీటీ పెట్టి, దీనికి సాటి వచ్చే తెలుగు మాట రాయాలని ఉంది. "హస్తకళ" అంటే రెండు ముక్కలూ సంస్కృతమే. "చేతిపని" అంటే మరీ బోసిగా ఉంది. "చేతివాటం" అని రాస్తే కొంప మునుగుతుంది. "చేతబడి" సంగతి చెప్పనే అక్కర్లేదు.

తెలిసినవాళ్లు చెప్పండి.

వేదమూలం:

మేడమ్, ఇందులో పెద్ద పరిశోధన ఏమీ లేదు. లావ్ అంటే లాఘవం. హస్తలాఘవం అంటాం కదా. మీకు హ్యార్డ్ అని వినిపించింది విడిగా క్యార్డ్, అంటే కృతి. రెండూ మన సంస్కృతం నుంచి వెళ్లినవే. అక్కడివాళ్లకి నోరు తిరగక అలా అయింది. "హస్తకళ" అనే రాయండి.

కాలవగట్టు:

నేనూ తెలుసుకోవాలనుకుంటున్నా. ఇక్కడ ఒక కుర్చీ వేసుకుంటున్నా.

బ్రాడీపేట ప్రూఫులు:

టీచర్ గారికి నమస్కారం. గుంటూరులో ప్రూఫులు దిద్దుకుని బతికేవాణ్ణి. ఎప్పుడో ఒక నిఘంటువు పనిలో వేలు పెట్టి, అప్పట్నుంచీ ఊరూపేరూ లేని భాషల వ్యుత్పత్తులు కూడా చదువుతూ కూర్చుంటున్నాను. సిగరెట్ మానేశాను గానీ ఇది మానలేకపోయాను. కొంచెం పెద్ద జవాబు, ఓపిక పట్టండి.

ముందు తోక పట్టుకుందాం. క్యార్డ్ అంటే చేతివృత్తి. క్యార్డీ అంటే ఆ పని చేసే మనిషి. క్యార్డీఅఖ్త్ అంటే అతని పనితనం. మనం కమ్మరి, కమ్మరికం అన్నట్టే, ఇందులో వింతేమీ లేదు.

ఇక లావ్. ఐరిష్‌లో చెయ్యి అని అర్థం. పాత ఐరిష్‌లో లామ్. దీనికి చుట్టం లాటిన్‌లో పల్మా, అంటే అరచెయ్యి. ఇంగ్లీషు పామ్ అక్కడిదే. మరి మొదట్లో ఉన్న ప ఏమైంది? ఐరిష్, వెల్ష్ వగైరా కెల్టిక్ భాషలన్నిటికీ పూర్వం ఉన్న మూలభాషలోనే ప నీరసించి, హ లాగా మిగిలి, చివరికి అదీ పోయింది. మన పక్కనే సగం జరిగిన కథ ఇది. మనం పాలు అంటే కన్నడిగులు హాలు అంటారు. పులి వాళ్లకి హులి, పువ్వు హూవు. కన్నడం హ దగ్గర ఆగింది, ఐరిష్ వాళ్లు ఆ హ కూడా మింగేశారు. అందుకే సంస్కృతంలో పితృ, లాటిన్‌లో పాతెర్ ఉన్నచోట ఐరిష్‌లో ఆహిర్ ఉంది. పూర్ణం ఉన్నచోట లాన్ ఉంది, నిండు అని అర్థం. పల్మా ఉన్నచోట లావ్ మిగిలింది. టీచర్ గారూ, తాటిచెట్టు జాతికి ఇంగ్లీషులో పామ్ అని పేరొచ్చిందీ ఆ అరచేతి వల్లే. ఆకు విప్పిన అరచెయ్యిలా ఉంటుందని లాటిన్‌వాళ్లు చెట్టుకీ అదే పేరు పెట్టారు. మీ పార్శిల్లో తాటిచెట్టు బొమ్మ ఉందన్నారు కాబట్టి చెబుతున్నాను.

అసలు కథ క్యార్డ్‌ది. పాత ఐరిష్‌లో కెర్డ్. ముఖ్యంగా లోహప్పని చేసేవాడు. మన కంచరినీ కంసాలినీ కలిపితే వచ్చే మనిషి. 1868లో లిమరిక్ జిల్లాలో ఆర్డా అనే ఊరి దగ్గర బంగాళదుంపలు తవ్వుతుంటే ఒక వెండి పాత్ర బయటపడింది. ఎనిమిదో శతాబ్దపు పని. 350కి పైగా విడి భాగాలు కూర్చి చేశారు. వెంట్రుకంత బంగారు తీగతో అల్లిక. ఇప్పుడు డబ్లిన్ మ్యూజియంలో ఉంది. అలాంటిది చేసినవాడు కెర్డ్. చిత్రమేమిటంటే ఆ పాత భాషలో కవినీ కెర్డ్ అనేవారు. వెండిని అల్లినా మాటల్ని అల్లినా ఒకటే పేరు.

ఇదే మాట వేల్స్ వెళ్లి కెర్ద్ అయింది. అక్కడ పాతకాలంలో వృత్తివిద్య అనే అర్థం ఉన్నా, ఇప్పుడు పాట, పద్యం, సంగీతం. కవిత్వాన్ని "నాలుక కెర్ద్" అనీ, వీణావాదనం లాంటిదాన్ని "తంత్రి కెర్ద్" అనీ అంటారు. స్కాట్లండ్‌లో ఏమైందో తెలుసా? ఊరూరా తిరిగి గిన్నెలకి మాట్లేసేవాడయ్యాడు. మా చిన్నప్పుడు "కళాయి పోస్తాం, బిందెలకి మాట్లేస్తాం" అని వీధిలో కేకేసుకుంటూ వచ్చేవారే, వాళ్లు. స్కాట్లండ్ ఇంగ్లీషులో అది తిట్టుకి దగ్గరగా కూడా వాడారు. ఒకే తల్లి బిడ్డలు ముగ్గురు. ఒకడు కవిగారు, ఒకడు పనివాడు, ఒకడు వీధిన పడ్డాడు. గ్రీకులో చుట్టరికం చెప్పే మాట కెర్దోస్. దానికి లాభం అని అర్థం, యుక్తి అని కూడా. నక్కని కెర్దో అనేవారు, జిత్తులమారిది అని. మా మిర్చి యార్డు మిత్రులకి ఈ శాఖ బాగా నచ్చింది.

వేదమూలం గారికి ఒక మాట. మీరు గురి పెట్టింది తప్పు పిట్ట మీద గానీ, చెట్టు సరైనదే. ఐరిష్, సంస్కృతం ఒక దూరపు మూలభాష నుంచి చీలిన అన్నదమ్ముల పిల్లలు. ఒకరింట్లోంచి ఇంకొకరు ఎత్తుకుపోలేదు. ఇక కృ ధాతువు. దాని మొదటి అక్షరం మూలంలో ఉత్త క కాదు, క్వ. ఆ క్వ ఐరిష్‌లో క అవుతుంది, వెల్ష్‌లో ప అవుతుంది. చతుర్ చూడండి: ఐరిష్‌లో క్యాహిర్, వెల్ష్‌లో పెద్వార్. కాబట్టి క్యార్డ్ గనక కృ నుంచి వచ్చి ఉంటే వెల్ష్‌లో అది ప తో మొదలవ్వాలి. అక్కడ కెర్ద్ అని క తోనే ఉంది. కేసు కొట్టేశారు. కృ కి నిజమైన చుట్టం ఐరిష్‌లో వేరే ఉంది: క్రుహ్, అంటే రూపం. వెల్ష్‌లో అదే ప్రీద్. చూశారా, ప వచ్చింది. క్రుహ్ నుంచే సృష్టించు అనే క్రియ కూడా పుట్టింది.

ఈ లావ్, కెర్డ్ కలిసి కనిపించే పాత కథ ఒకటుంది. నువాద అనే రాజుకి యుద్ధంలో చెయ్యి తెగిపోయింది. అంగవైకల్యం ఉన్నవాడు సింహాసనం మీద కూర్చోరాదని అక్కడి కట్టుబాటు. రాజ్యం పోయింది. అప్పుడు దేవవైద్యుడు డియన్ కేఖ్త్, క్రెద్నె అనే కెర్డ్ సాయం పట్టగా వెండి చెయ్యి చేసి అమర్చాడు. వేళ్లు కదిలే చెయ్యి. అప్పట్నుంచి ఆ రాజు పేరు ఆర్‌గెద్‌లామ్, వెండిచేతివాడు. ఇందులో ఆర్‌గెద్ మన రజతానికి తోబుట్టువే. ఇప్పటి ఐరిష్‌లో ఆ వెండి మాటకే డబ్బు అని అర్థం. మనకి వెండి రూప్యం రూపాయి అయినట్టు.

గాల్వేలో గుంటూరమ్మాయి:

నర్సుగా తొమ్మిదేళ్ల నుంచి ఇక్కడే ఉన్నానండీ. పుట్టిల్లు అరండల్‌పేట. నాకు ఐరిష్ రాదు గానీ మా పాపకి బళ్లో తప్పనిసరి. దాని హోంవర్కు వల్ల రెండు ముక్కలు తెలుసు.

టీచర్ గారూ, మీరు రాసిన ఉచ్చారణ దగ్గరగానే ఉంది. ఒక్క సంగతి. విడిగా క్యార్డీఅఖ్త్ అని క తో పలుకుతారు. ముందు లావ్ తగిలితే ఆ క మెత్తబడి హ్య లాగా అవుతుంది. రాతలో క పక్కన హ చేరుస్తారు. ఇక్కడ యూనియన్ల బోర్డుల మీదా ఇదే మాట చూస్తుంటాను. కార్మిక సంఘాన్ని క్యార్డ్‌ఖుమన్ అంటారు. విడిగా సంఘం అంటే కుమన్, వెనక చేరేసరికి ఖుమన్ అయింది.

చేతిపనికి పాతకాలంలో ఇంకో మాట ఉండేదట, మా పాప టీచరు చెప్పింది: గ్రేస్. కుట్టుపని, అల్లికపని, నగిషీ ఇలాంటివి. ఇప్పుడు దాని నుంచి వచ్చిన గ్రేసీ అంటే చెప్పులు కుట్టేవాడు. గ్రేసాన్ అంటే అల్లిక, వల. మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్న ఇంటర్నెట్ వెబ్‌నే ఇక్కడ గ్రేసాన్ అంటారు! అంటే వెబ్‌సైట్ అనేది కూడా ఒకప్పటి చేతిపని మాట నుంచే వచ్చింది.

శాలువా చలికాలం దాకా దాచండి. డిసెంబరులో తెల్లవారుజామున కృష్ణ ఒడ్డుకి పనికొస్తుంది.

సత్యనారాయణపురం టీచరమ్మ:

అమ్మా గుంటూరమ్మాయీ, నువ్వు చల్లగా ఉండు తల్లీ. నీ జవాబు చదివి ఒక్కదాన్నీ నవ్వుకున్నాను. పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది. ముందు మాట చేరేసరికి వెనక క మెత్తబడిందా? ముప్పై మూడేళ్లు నేను పిల్లల చేత బట్టీ వేయించింది అదే కదమ్మా! గసడదవాదేశం! కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కాలు, చెయ్యి కలిస్తే కాలుసేతులు. చూడు, మనక్కూడా చెయ్యి మెత్తబడుతుంది. రెండు భాషలకీ చుట్టరికం లేదని ప్రూఫుల గారు కొట్టేస్తారేమో గానీ, నోటికి బద్ధకం అన్ని దేశాల్లోనూ ఒకటే అని నా నమ్మకం.

ప్రూఫుల గారూ, మీ జవాబు మూడుసార్లు చదివాను. ఎక్కడా అచ్చుతప్పు దొరకలేదు. కాస్త నిరాశపడ్డాను. మరి మన చెయ్యి మాట పుట్టుక?

బ్రాడీపేట ప్రూఫులు:

చుట్టరికం లేదు, నిజమే. గసడదవల పోలిక మాత్రం నాకు తట్టనే లేదు, ఒప్పుకుంటున్నాను.

మన చెయ్యి ద్రావిడ మాట. తమిళంలో కై, కన్నడంలో కై. ఇ, ఎ ల ముందున్న క తెలుగులో చ అయిపోతుంది. కన్నడంలో కెరె, మనకి చెరువు. కన్నడంలో కివి, మనకి చెవి. అలాగే కై వరసలోది చెయ్యి అయింది. మీరు ఐరిష్ క్యార్డ్ పలికి చూడండి. క తర్వాత నాలుక పైకి లేచి క్య అంటుంది. మన క కూడా చ కాబోయే ముందు ఆ మెట్టు మీద కాసేపు నిలబడే ఉంటుంది. మనం మెట్టు దిగేశాం, వాళ్లింకా అక్కడే నిలబడ్డారు.

వేదమూలం:

కేసు కొట్టేశారు సరే. కానీ సంస్కృతానికి దగ్గరగా ఒక్కటైనా లేదంటారా, ఈ వృత్తి మాటల్లో?

బ్రాడీపేట ప్రూఫులు:

ఉందండీ. ఇది మీకోసమే దాచాను. ఐరిష్‌లో పద్యాన్ని దాన్ అంటారు. పాత ఐరిష్‌లో దాన్ అంటే విద్య, నేర్పు, కళ. అంతకుముందు అర్థం ఇచ్చినది, కానుక. సంస్కృతం దానం, లాటిన్ దోనుమ్, ఇది, ముగ్గురూ సొంత తోబుట్టువులు. పనితనం అనేది దేవుడిచ్చిన దానం అని వాళ్ల లెక్క. కమ్మరి గొవ్‌ను, వడ్రంగి లుఖ్త, ఇందాక చెప్పిన కెర్డ్ క్రెద్నె, ఈ ముగ్గుర్నీ కలిపి "దానపు దేవుళ్లు ముగ్గురు" అంటారు. మన పంచాణం వారిలో ముగ్గురు లెక్కకి వచ్చారు. 1981లో ఐర్లండ్‌లో రచయితలకీ కళాకారులకీ ఒక సంఘం పెట్టి, పాత మాటే తీసి ఈస్‌దానా అని పేరు పెట్టారు. కళ ఉన్నవాళ్లు అని.

వేదమూలం:

ఇది చాలు. ఇవాళ్టికి నిద్ర పడుతుంది.

పొణికి కర్ర:

అందరికీ నమస్కారమండి. మాది కొండపల్లి. మూడు తరాలుగా బొమ్మల పనే. పెద్ద చదువులు చదవలేదు. ఇదంతా మా అమ్మాయి చదివి వినిపిస్తే నేను చెబుతున్నాను, తను టైపు చేస్తోంది.

స్కాట్లండ్ ముక్క విని కాసేపు ఊరుకున్నానండి. మాకూ అంతే. ప్రదర్శనలో మైకు పట్టుకుంటే "హస్తకళాకారులు" అంటారు. అదే మనిషి బేరం దగ్గర "ఈ చెక్కముక్కకి ఇంతా" అంటాడు. మా తాతని ఊళ్లో "బొమ్మలాయన" అనేవారు. ఆ మాటలో మర్యాదా లేదు, అమర్యాదా లేదు. నాకు అదే ఇష్టం.

టీచరమ్మ గారు చీటీ రాస్తానంటున్నారు కాబట్టి పని సంగతి చెబుతాను. కర్ర తెల్ల పొణికి. ఎండాక చేతిలో పట్టుకుంటే ఉందా లేదా అన్నంత తేలిక. బొమ్మని ఒకే దుంగలో చెక్కం. ఒళ్లు వేరు, చేతులు వేరు, కాళ్లు వేరు. ఉలితో చెక్కి, ఆకురాయితో సాపు చేసి, తర్వాత అతికిస్తాం. అతికేది చింతగింజల జిగురు, అందులో రంపపు పొట్టు కలిపితే మక్కు అంటాం. ఆ మక్కుతోనే ముక్కూ మడతలూ తీర్చేది. ఆరాక సున్నం పూత, దాని మీద రంగులు. కళ్లు గీసేది ఆఖర్న. మేక వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి. ఆ పని మా ఇంట్లో మా ఆవిడదే. నా చెయ్యి వణుకుతుంది.

చేతులు విడిగా చేసి అతికిస్తాం అన్నాను కదా, వెండి చెయ్యి పెట్టించుకున్న ఆ రాజు కథ విని మా అమ్మాయి "మన పనే నాన్నా" అంది.

ఇంకోటి. ఏనుగు అంబారీలో తొండం ముందుకి ఉంటుంది. పెట్టెలో సర్దేటప్పుడు తొండం పక్కన దూది పెట్టండి. అక్కడే విరుగుతుంది.

కాలవగట్టు:

కుర్చీ వేసుకున్నందుకు గిట్టింది.

సత్యనారాయణపురం టీచరమ్మ:

బొమ్మలాయన గారూ, మీ ఆవిడకి నా నమస్కారం చెప్పండి. దూది తొండం పక్కనా పెట్టాను, అంబారీ కిందా పెట్టాను. గీత కార్మికుడికి మాత్రం ఆ శాలువా వచ్చిన ప్లాస్టిక్ సంచే చుట్టాను.

చీటీ సంగతి. "హస్తకళ" అని రాసి కొట్టేశాను. "పనితనం" అని రాశాను, బాగానే ఉంది గానీ చెయ్యి లేదు అందులో. చివరికి మొదట బోసిగా ఉందన్న "చేతిపని" దగ్గరికే వచ్చాను. లావ్‌కి చెయ్యి, క్యార్డ్‌కి పని. పని అంటే మనం ఇప్పుడు పనిమనిషి, పనికిమాలిన అని చిన్నచూపుగా వాడుతున్నాం గానీ, "పనిమంతుడు" అన్న మాట ఉన్నది కూడా ఈ భాషలోనే కదా. కింద అడ్డగీత గీసి "కళ్లు దిద్దినది: బొమ్మలాయన గారి ఆవిడ" అని రాద్దామనుకున్నాను. నా బొమ్మలు మీ ఇంటివో కాదో తెలియదు కాబట్టి ఆగాను. మీ దుకాణం ఎక్కడో ఇక్కడ రాయొద్దు, విడిగా పంపండి. ఇంకో అంబారీ కావాలి.

ఇవాళ పొద్దున పార్శిల్ ఇచ్చి వచ్చాను. కౌంటర్లో అబ్బాయి లోపల ఏముందని అడిగాడు. చేతిపని అన్నాను. "అంటే ఏం రాయమంటారండీ" అన్నాడు. బొమ్మలు అని రాయి నాయనా అన్నాను. కోడలికి వీడియోలో చెప్పాను, మాట నేర్చుకుంటోంది. "చేటిపని" అంటోంది. త పలకటం రావట్లేదు. ఆదివారం మళ్లీ కూర్చోబెడతాను.